జడల తాత, చిల్లు గిటారు

ప్రశ్న: మేం ఆస్టిన్‌లో ఉంటాం. మొన్న డౌన్‌టౌన్‌లో విల్లీ నెల్సన్ విగ్రహం దగ్గర మా అబ్బాయి "ఈ జడల తాత ఎవరమ్మా?" అన్నాడు. కంట్రీ సింగర్, అంటే అమెరికా పల్లె బాణీల పాటగాడు, అని మాత్రమే చెప్పగలిగాను. తొంభై దాటినా కచేరీలు ఆపలేదట, డబ్బు కోసమా? దేవుణ్ణి నమ్ముతాడా? గిటారుకు ఆ చిల్లేంటి? - ఒక పాఠకురాలు

జవాబు: మీ ఊరి పెద్దాయన గురించి నన్ను అడుగుతారేంటండీ! సరే, చెప్తాను.

ముందు దేవుడి సంగతి. ఆయన 1933లో టెక్సస్‌లోనే ఆబట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నానమ్మా తాతయ్యలే పెంచారు. పొలాల్లో పత్తి తీశాడు, మెథడిస్టు చర్చిలో పాటలు పాడాడు. పెద్దయ్యాక ఫోర్ట్‌వర్త్‌లో ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు బార్లలో పాడుకుంటూ ఉంటే, చర్చివాళ్లు అదో ఇదో తేల్చుకోమన్నారు. ఈయన బారుకే ఓటేశాడు, ఎందుకంటే శనివారం రాత్రి అక్కడ తాగేవాళ్లే ఆదివారం పొద్దున చర్చిలో కూర్చునేవాళ్లు మరి! అలాగని దేవుణ్ణి వదిలెయ్యలేదు, భక్తి పాటలు ఇప్పటికీ పాడతాడు, పైగా పునర్జన్మ ఉందంటాడు. మనకిది పాత మాటే కానీ, బాప్టిస్టు క్రైస్తవుల చర్చిలో పాఠాలు చెప్పిన మనిషి అనడమే విశేషం.

డబ్బు దగ్గర మాత్రం ఆయన తెలివి అంతంతే. కుర్రతనంలో ఇల్లు గడవక ఒక పాట హక్కులు 50 డాలర్లకు అమ్మేశాడు. 1990లో పన్ను బాకీ కోటిన్నర డాలర్ల పైనే తేలి, ప్రభుత్వం ఆస్తులు జప్తు చేసింది. వేరేవాళ్లయితే దివాలా తీసేవాళ్లు, ఈయన గిటారు తీసుకుని ఒక్కడే పాడిన పాటలతో ఆల్బమ్ వేసి, ఆ అమ్మకాల డబ్బు బాకీకి కట్టాడు. 1993లో గానీ ఆ గొడవ తీరలేదు. అంతకుముందే, 1985లో, అప్పుల్లో కూరుకుపోయిన అమెరికా రైతుల కోసం నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్ అనే గాయకులతో కలిసి ఫార్మ్ ఎయిడ్ కచేరీలు మొదలుపెట్టాడు. ఆ కచేరీ ఇంకా నడుస్తోంది. కాబట్టి డబ్బు కోసమేనంటే నేను ఒప్పుకోను.

ఇక చిల్లు. ఎలకలు కొట్టింది కాదని మీ అబ్బాయికి చెప్పండి! అది 1969లో కొన్న మార్టిన్ గిటారు, పేరు ట్రిగ్గర్, రాయ్ రోజర్స్ అనే సినిమా హీరో గుర్రం పేరు. నైలాన్ తీగల గిటారు కదా, వేళ్లతో మీటాల్సింది. అందుకే గీతలు పడకుండా అడ్డంగా వేసే పలక దానికి ఉండదు. ఈయనేమో పిక్కుతోనే, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతోనే, వాయిస్తాడు. అది రాసుకుని రాసుకుని చెక్క అరిగి, తీగల కిందున్న గుండ్రటి రంధ్రం పక్కనే ఇంకో చిల్లు పడింది. టెనెసీలో ఇల్లు తగలబడినప్పుడు మంటల్లోకి వెళ్లి మరీ తెచ్చుకున్నది దాన్నే. ఆ తర్వాతే టెక్సస్‌కు తిరిగొచ్చి, మీ ఆస్టిన్ చేరాడు. విగ్రహం మీ ఊళ్లో ఉండటానికి కారణం అదే.

అబ్బాయికి వినిపించాలంటే 1975లో వచ్చిన 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' ఆల్బమ్ పెట్టండి, పాటలన్నీ కలిపి ఒకే కథ. కథలో హత్యలు ఉన్నాయి, ముందు మీరొకసారి వినండి.