పార్కిన్సన్స్‌కి డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, మెదడులోకి తీగలతో కరెంట్ పంపే ఆపరేషన్) చేయిస్తే నాన్నగారికి పూర్తిగా తగ్గిపోతుందా?

పూర్తిగా తగ్గదండి, ఆ ఆశతో మాత్రం చేయించకండి. మా అమ్మకి చేయించాం, మంచి పనే చేశాం అనుకుంటున్నాం, కానీ జబ్బు ఆగదు, లక్షణాలు అదుపులో ఉంటాయి అంతే.

టాబ్లెట్ వేసుకున్నాక బాగానే ఉండి కాసేపటికే మళ్ళీ బిగుసుకుపోతున్నారు అని రాశారు కదా, అలాంటి వాళ్ళకే ఇది బాగా పనిచేస్తుంది. ఆ టాబ్లెట్‌లో ఉండే లెవోడోపా అనే మందుకి ఏవి తగ్గుతాయో దాదాపు అవే దీనికీ తగ్గుతాయి, ఒక్క వణుకు మాత్రం మందుకి లొంగకపోయినా దీనికి లొంగొచ్చు. అందుకే ముందు రోజు నుంచి మందు ఆపించి ఒకసారి, వేసి ఒకసారి నడిపించి తేడా చూస్తారు, ఆ టెస్ట్ చేయకుండా ఆపరేషన్‌కి డేట్ ఇచ్చేస్తే ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి. మందు వేసినా మాట ముద్దగానే వస్తోంది, నడుస్తూ పడిపోతున్నారు అంటే అవి దీంతో పెద్దగా మారవు. మా అమ్మ గొంతు ముందుకన్నా కాస్త తగ్గింది కూడా.

చేసేదేంటంటే మెదడు లోపల సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న భాగంలోకి సన్నటి తీగలు పెట్టి, కాలర్ బోన్ కింద చర్మం లోపల బ్యాటరీ పెడతారు, అది మామూలుగా సెకనుకి 130 సార్లు దాకా కరెంట్ పంపుతుంది. అంతకుముందు వణుకు తగ్గాలంటే మెదడులో థాలమస్ అనే చోట కాస్త భాగాన్ని కాల్చేసేవాళ్ళు, 1987లో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ డాక్టర్ బెనబిద్ టీమ్ కాల్చకుండా కరెంట్‌తోనే పని జరిపించింది.

ఆపరేషన్ అయ్యాక మెషీన్ ఆన్ చేయకముందే అమ్మ వణుకు తగ్గిపోయింది, చుట్టాలందరికీ ఫోన్లు చేసేశాం, కొన్ని రోజులకి మళ్ళీ మొదలైంది. తీగ దిగిన చోట వాపు వల్ల మొదట్లో అలా తగ్గినట్టు ఉంటుందట, మళ్ళీ మొదలైతే కంగారు పడకండి. అసలు పని ప్రోగ్రామింగ్‌లో ఉంది. డాక్టర్ ట్యాబ్ లాంటిది పట్టుకుని కరెంట్ కొంచెం కొంచెం పెంచుతూ అమ్మని బొటనవేలూ చూపుడువేలూ టపటపా కొట్టమన్నారు, ఒక దగ్గరికొచ్చేసరికి వేళ్ళు భలే ఫ్రీగా ఆడాయి, ఇంకాస్త పెంచగానే మూతి పక్కకి లాగేసింది, వెంటనే తగ్గించారు. ఇలా సెట్ అవడానికి నెలలు పడుతుంది, మధ్యలో మందులు కూడా మారుస్తారు, కాబట్టి సర్జన్ ఎవరు అన్నదానితో పాటు తర్వాత ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు, ఎప్పుడు దొరుకుతారు అని కూడా అడగండి.

బ్యాటరీ మామూలుదైతే 3 నుంచి 5 ఏళ్ళకి మార్చాలి, రీఛార్జ్ అయ్యేది 15 ఏళ్ళు అలా వస్తుంది కానీ ఛార్జింగ్ మర్చిపోకుండా పెట్టే మనిషి ఇంట్లో ఉండాలి. ఎమ్మారై తీసేముందు డివైస్ కార్డ్ చూపించాలి, ఫిజియోథెరపీలో డయాథెర్మీ అనే వేడి పెట్టే ట్రీట్‌మెంట్ అస్సలు చేయించకూడదు, ప్రాణం మీదకొస్తుంది. నాన్నగారికి ఈత అలవాటుంటే ఇంకోటి, మెషీన్ ఆన్‌లో ఉన్నప్పుడు బాగా ఈదేవాళ్ళు కూడా ఈదలేకపోయిన కేసులు ఉన్నాయి, ఒక్కరినే నీళ్ళలో దిగనివ్వకండి.