మొదటిసారి జకాత్ ఇస్తున్నా, ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి?

నువ్వు అడిగినవి మూడు సంగతులు. ఒకటి, పెళ్లయి ఏడాది దాటింది, ఆరు తులాల బంగారం ఉంది, బ్యాంకులో లక్షా ఎనభై వేలు ఉన్నాయి, జకాత్ (ఏడాది నిండిన సొమ్ములో నలభయ్యో వంతు బీదలకిచ్చే తప్పనిసరి దానం) పడుతుందా, పడితే ఎవరికివ్వాలి అని. రెండు, షుగర్ ఉన్న మీ అత్త రోజా (రంజాన్ ఉపవాసం) మాననంటోంది, ఏం చేయాలి అని. మూడు, ఆఫీసు, వంట మధ్యలో ఇబాదత్‌కి (ఆరాధనకు) టైం ఎట్లా అని. చెల్లెలనుకొని నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

నేను కర్నూలు పాత ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. మేము దూదేకుల వాళ్లం, ఇంట్లో తెలుగే. మా జేజికి (నాయనమ్మకు) ఉర్దూ రాదు, ఈ లెక్కలు ఆమెకు తెలుగులో చెప్పినవాళ్లు లేరు. ఒంటి మీద బంగారం ఉండి కూడా జకాత్ మగవాళ్ల పని అనుకుంటూనే పోయింది. అందుకే తెలుగులో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే నాకు జవాబు రాయకుండా ఉండబుద్ధి కాదు.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. జకాత్ ఇవ్వాల్సి ఉంటే రంజాన్ చివరి పది రోజుల దాకా ఆపుకోవద్దు. రంజాన్ మొదటి వారంలోనే ఇవ్వు, వీలైతే దాని ముందు నెల షాబాన్‌లోనే ఇచ్చేయి.

నాలుగేళ్ల కిందట, రంజాన్ ఇరవై ఏడో రాత్రి, పెద్ద రాత్రి. పదిన్నర దాటింది. షట్టర్ సగం దించి కాజాలు కుడుతున్నా. ఒకామె వంగి షట్టర్ కింద నుంచి లోపలికి చూసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, పక్కన ఎనిమిదేళ్ల పాప. కవర్లో రెండు మీటర్ల ఆకుపచ్చ శాటిన్, ఒక మీటరు జరీ లేసు. "అక్కా, డబ్బులు ఈ సాయంత్రమే చేతికొచ్చినాయి. బురుజు కాడ అంగట్లో గుడ్డ తెచ్చినా. ఎవురూ తీసుకోమంటాండారు" అంది. ఇరవయ్యో రోజా నుంచి ఆర్డర్లు తీసుకోబోమని నేనూ బోర్డు పెట్టేసే ఉన్నా. పాప ఏమీ అడగలేదు. లేసు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. టేపు తీసి కొలతలు రాసుకున్నా. సహెరీకి (తెల్లవారుజామున రోజాకు ముందు తినే అన్నానికి) గంట ముందు ఫ్రాకు అయింది. కింద అంచు మడత మాత్రం చేత్తో పెద్ద కుట్లు వేసి ఇచ్చా, అంతకంటే కుదరలేదు.

ఆమెకు ఆ జకాత్ డబ్బు ఇచ్చినవాళ్లు మంచివాళ్లే. పెద్ద రాత్రికి పుణ్యం ఎక్కువని దాచిపెట్టి ఇచ్చారు. కానీ పండగకు బట్ట కుట్టించాలంటే మా దగ్గరికి గుడ్డ పదిహేనో రోజాలోపు రావాలి. బాడుగ ఒకటో తేదీకే కట్టాలి. పిల్లల ఫీజుకు గడువు ఉంటుంది. తీసుకునేవాళ్ల ఇంట్లో ఏ తేదీకి ఏ అవసరం పడుతుందో చూసి ఇస్తే అదే వెయ్యి రూపాయలు రెండింతలుగా పనికొస్తాయి. ఆ రాత్రి నుంచి నేనైతే నాది ముందే ఇచ్చేస్తున్నాను. చివరి పది రాత్రులకని సదఖా (ఇష్టం కొద్దీ ఇచ్చే దానం) విడిగా పక్కన పెట్టుకుంటాను, రోజుకు పది రూపాయలైనా సరే.

ఇక లెక్క. ఇక్కడ చాలామంది తులం దగ్గరే పొరపాటు పడతారు. నిసాబ్, అంటే జకాత్ పడే కనీస హద్దు, ఏడున్నర తులాల బంగారం, లేదా యాభై రెండున్నర తులాల వెండి అని పెద్దలు చెబుతారు. అది పాత తులం, 11.66 గ్రాములు. మన బంగారం అంగళ్లలో తులం అంటే పది గ్రాములు. కాబట్టి గ్రాముల్లోనే గుర్తుపెట్టుకో: బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. నీ ఆరు తులాలు, అంటే 60 గ్రాములు, ఒక్క బంగారం వరకే చూస్తే నిసాబ్‌కు చాలదు. కానీ నీ దగ్గర డబ్బు కూడా ఉంది. మా మసీదులో చెప్పే హనఫీ పద్ధతి ప్రకారం రెండూ కలిపి, మొత్తం విలువ 612 గ్రాముల వెండి ధరను దాటితే జకాత్ పడుతుంది. నీకు పడుతుంది. ఒంటి మీద వేసుకునే నగలకు కూడా హనఫీలో జకాత్ ఉంది, షాఫయీ పద్ధతిలో లేదు. మీ ఇంట్లో ఏది పాటిస్తారో అడిగి తెలుసుకో.

బంగారాన్ని తూకం వేయించి, ఆ రోజు అమ్మితే ఎంతొస్తుందో ఆ ధర కట్టు. మజూరీ లెక్కలోకి రాదు, రాళ్ల బరువు తీసేయాలి. దానికి బ్యాంకులో ఉన్నది, చేతిలో ఉన్నది, తప్పకుండా తిరిగొచ్చే చేబదులు కలుపు. నువ్వు కట్టాల్సిన అప్పు తీసేయి. మిగిలినదాన్ని నలభైతో భాగించు. మాటకు ఎనిమిది లక్షలు తేలితే జకాత్ ఇరవై వేలు. ఏడాది అంటే చాంద్ (చంద్రుడి) లెక్కన ఏడాది, 354 రోజులు, ఒక్కోసారి 355. నిసాబ్ నీ చేతికొచ్చిన చాంద్ తేదీ గుర్తుంటే ఏటా అదే నీ తేదీ. ఆ తేదీ రంజాన్ కంటే ముందే పడితే రంజాన్ కోసం ఆపాల్సిన పని లేదు. ఇరవై వేలు ఒక్కసారిగా కష్టమనిపిస్తే వచ్చే ఏడాది నుంచి నెలనెలా కొంత ముందుగానే ఇస్తూ పోవచ్చు, జకాత్ అనే నియ్యత్‌తో (మనసులో సంకల్పంతో) ఇచ్చి, రాసిపెట్టుకొని, చివర్లో సరిచూసుకోవాలి. బంగారం నీది కాబట్టి బాధ్యత కూడా నీదే. నీ భర్త నీ తరఫున కడతానంటే నీతో చెప్పి కట్టాలి.

ఎవరికి? అమ్మానాన్నకు, జేజికి, తాతకు, నీ పిల్లలకు, భర్తకు ఇవ్వకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్త, చిన్నాయన వీళ్లలో ఇబ్బందిలో ఉన్నవాళ్లుంటే ముందు వాళ్లే. అందులో దానమూ ఉంది, బంధుత్వాన్ని నిలబెట్టుకున్నట్టూ ఉంది. ఇది జకాత్ అని వాళ్లతో చెప్పాల్సిన అవసరం లేదు, నీ మనసులో నియ్యత్ ఉంటే చాలు. "పిల్లలకు పండక్కి" అని చెప్పి ఇవ్వు. పనిచేసే ఆమె బీద ముస్లిం అయితే ఇవ్వొచ్చు, కానీ జీతంలోనో బోనస్‌లోనో జమ కట్టకూడదు. మసీదు కట్టడానికి, మసీదులో గంజి కాచడానికి హనఫీలో జకాత్ డబ్బు చెల్లదు, ఒక బీద మనిషి చేతికి సొంతంగా అందాలి. వాటికి సదఖా ఇవ్వు. సదఖాకు మతం అడ్డు లేదు. మా పక్కింటి పద్మక్కకు ఆపరేషన్ అయినప్పుడు మా వీధి వాళ్లం అట్లాగే ఇచ్చుకున్నాం.

డబ్బుగా ఇస్తేనే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే నాది తీసుకున్న చేయి కూడా. 2018లో రంజాన్ మే, జూన్‌లో వచ్చింది. కర్నూలు ఎండ సంగతి నీకు తెలుసు. ఆ ఎండల్లోనే మా ఆయన మంచాన పడ్డాడు, మిషన్ ఆగిపోయింది. ఒకచోట రేషన్ సంచి ఇచ్చారు. వరుసలో నిలబెట్టి, సంచి పట్టుకోమని ఫొటో తీశారు. రెండు రోజులకు ఆ ఫొటో మా పాప స్నేహితురాలి ఫోన్‌లోకి వచ్చింది. పాప ఆ వారమంతా బడికి పోనంది. అదే నెలలో మా వీధిలో ఒక పెద్దాయన మగ్రిబ్ (పొద్దుగూకే నమాజు) తర్వాత వచ్చి, "అమ్మా, పండగ తర్వాత మా ఇంట్లో ఆరు జాకెట్లు కుట్టాలి, కూలి ముందే ఉంచు" అని కవరు పెట్టి పోయారు. అందులో ఆరు జాకెట్ల కూలికి నాలుగింతలు ఉంది. పండగ తర్వాత గుడ్డ కోసం మనిషిని పంపితే "ఇంకా కొనలేదమ్మా" అన్నారు. ఆ జాకెట్లు ఇప్పటికీ రాలేదు. ఆయన్ను తలుచుకోకుండా నేను ఒక్క ఇఫ్తార్ దువా (ప్రార్థన) చేయను.

మన ఊరి నుంచే ఇంకో సంగతి. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఇక్కడ ఉస్మానియా కాలేజీ పెట్టారు. మా తమ్ముడి కొడుకు అక్కడే డిగ్రీ చదివాడు. నీకు తెలిసిన బీదింటి పిల్ల చదువు ఫీజు దగ్గర ఆగిపోతుంటే, జకాత్‌ను ఆ పిల్ల చేతికో తల్లి చేతికో ఇవ్వు. వీధిలో అడిగితే ఇద్దరు ముగ్గురైనా తెలుస్తారు.

ఫిత్రా, అంటే ఈద్‌కు ముందు బీదలకిచ్చే దానం, వేరు. ఇంట్లో తలకు ఇంత అని, పసిబిడ్డకు కూడా. గోధుమల లెక్కన ఎంతో మీ మసీదులో చెబుతారు. ఈద్ నమాజుకు ముందే ఇవ్వాలి, రంజాన్ మధ్యలో ఇచ్చినా చెల్లుతుంది. ఇదీ ముందే ఇవ్వు.

మీ అత్త సంగతి. రంజాన్‌కు ముందే డాక్టర్‌కు చూపించు, మందుల టైములు ఆయనే మార్చి ఇస్తారు. వేలికి సూది పొడిచి షుగర్ చూసుకుంటే రోజా పోదు, ఇన్సులిన్ వేసుకున్నా పోదని ఎక్కువమంది ఆలిములు (మత పండితులు) చెబుతారు. ఇది చెప్పకపోతే పెద్దవాళ్లు భయపడి చూసుకోరు. షుగర్ 70 కంటే తగ్గితే, చెమటలు పట్టి చేతులు వణికితే, మగ్రిబ్‌కు పది నిమిషాలే ఉన్నా రోజా విప్పించేయాలి. మా అమ్మ ఒప్పుకునేది కాదు. మా ఇమాం గారితో ఫోన్‌లో మాట్లాడించాక ఒప్పుకుంది. నువ్వు వాదన పెట్టుకోకు, ఆ పని చేయి. తర్వాత ఆరోగ్యం కుదిరి ఉండగలిగితే ఖజా (తప్పిన రోజాలకు బదులు రోజాలు) ఉంటారు, ఇక ఎప్పటికీ ఉండలేరని తేలితే రోజుకో బీదవాడికి రెండు పూటల అన్నం లెక్కన ఫిద్యా ఇస్తారు.

ఇబాదత్ గురించి నాకు తెలిసింది తక్కువ. అసర్ (సాయంత్రం నమాజు) నుంచి మగ్రిబ్ దాకా పొయ్యి దగ్గర బజ్జీలు, సమోసాలు వేయిస్తూ నేను పదేళ్లు పోగొట్టుకున్నా. రోజా ఉన్నవాళ్ల దువా వెనక్కి పోదంటారు, ఆ టైంలో నా చేతిలో జల్లిగరిట ఉండేది. ఇప్పుడు ఖర్జూరం, నీళ్లు, గంజి, ఒక పండు, అంతే. ఆఖరి పావుగంట మిషన్ ఆపి కూర్చుంటా. ఖురాన్ ఒక్కో నమాజ్ తర్వాత నాలుగు పేజీలు చదివితే రోజుకు సుమారు ఒక పారా (ఖురాన్ ముప్పై భాగాల్లో ఒకటి) అవుతుంది. అరబీ నిదానంగా వచ్చేవాళ్లు ఒక పేజీ చదివి తెలుగు అర్థం చూసుకున్నా మంచిదే. నెలసరి రోజుల్లో నమాజ్ మాఫీ, రోజాలు మాత్రం తర్వాత ఖజా ఉండాలి. ఆ రోజుల్లో దువా, దరూద్ (ప్రవక్త మీద సలాములు) చదువుకోవచ్చు, ఎవరింటికైనా ఇఫ్తార్ పంపొచ్చు.

ఈ ఆదివారమే నగలు తూకం వేయించు. చీటీ మీద చాంద్ తేదీ కూడా రాసి బీరువాలో పెట్టు. లెక్క ఎక్కడైనా ఆగితే ఇక్కడే అడుగు, రాత్రి మిషన్ ఆపాక చూసి రాస్తాను.