అమెరికా ‘ఆహ్వానం’ వచ్చిందని ఫ్లెక్సీ వేయించాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది బరంపురం, బడాబజార్ దగ్గర పట్టుచీరల కొట్టు. మా పెద్దవాడు ఈ ఆగస్టులో అమెరికా వెళ్లి కంప్యూటర్స్‌లో ఎంఎస్ చేరాడు. అక్టోబరులో వాడికి ఒక ఆనర్ సొసైటీ (బాగా చదివేవాళ్లని ఎంచి చేర్చుకునే సంఘమట) నుంచి మెయిల్ వచ్చింది, ‘మీ అసాధారణ ప్రతిభను గుర్తించి నామినేట్ చేశాం’ అని. పేరులో గ్రీకు అక్షరాలు, పైన బంగారు రంగు ముద్ర. 95 డాలర్లు కడితే సభ్యత్వం, 145 కడితే పతకమూ ఫ్రేమూ కూడానట, అదీ 48 గంటల్లోపు కట్టాలట. రెజ్యుమేలో పెట్టుకుంటే ఉద్యోగానికీ, అక్కడ ఉద్యోగం చేసుకునే హెచ్-1బి వీసాకీ పనికొస్తుందని వాడంటాడు. మా వారైతే కట్టేయమని చెప్పి, ఫ్లెక్సీకి ఫొటో కూడా తీసి పెట్టారు. నాకే ఎక్కడో అనుమానంగా ఉంది. – ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, ముందు ఆ ఫ్లెక్సీ ఆపించండి, డాలర్ల సంగతి తర్వాత చూద్దాం.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. అబ్బాయి చేరింది ఆగస్టులో, మెయిల్ వచ్చింది అక్టోబరులో, అక్కడ మొదటి సెమిస్టర్ గ్రేడ్లు చేతికొచ్చేది డిసెంబరులో. మరి వీళ్లు ఏ మార్కులు చూసి ప్రతిభ గుర్తించారు? అక్కడ 1974 నుంచి ఫెర్పా అని ఒక చట్టం ఉంది, దాని ప్రకారం విద్యార్థి ఒప్పుకోకుండా కాలేజీ అతని గ్రేడ్లను ఇలాంటి బయటి సంస్థల చేతిలో పెట్టకూడదు. కాకపోతే అదే చట్టంలో పేరు, ఈమెయిల్, చదివే కోర్సు లాంటివి ‘డైరెక్టరీ సమాచారం’ కిందకి వస్తాయి, విద్యార్థి వద్దని రాసివ్వకపోతే వాటిని కాలేజీ బయటివాళ్లకి ఇవ్వొచ్చు. కాబట్టి మెయిల్‌లో మీవాడి పేరూ కోర్సూ తప్పుల్లేకుండా ఉన్నాయని మురిసిపోకండి. వాళ్లకి దొరికింది అడ్రసు మాత్రమే.

అలాగని ఆనర్ సొసైటీలన్నీ బూటకమనీ అనుకోవద్దు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776లోనే, డిసెంబరు 5న, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పా మొదలైంది. ఆ దేశంలో కాలేజీలు వేలల్లో ఉంటే దాని చాప్టర్లు, అంటే కాలేజీల్లో ఉండే శాఖలు, మూడొందల లోపే. అది ఆర్ట్స్, సైన్స్ చదివేవాళ్లది, పైగా దానికి మనం అప్లై చేసేదేమీ ఉండదు, ఆ కాలేజీ చాప్టర్ వాళ్లే ఎన్నుకుంటారు. ఇంజనీరింగ్ వాళ్లకి 1885లో లీహై యూనివర్సిటీలో పుట్టిన ‘టౌ బీటా పై’ అనే సొసైటీ ఉంది, మూడో ఏడాది వాళ్లయితే క్లాసులో పై ఎనిమిదో వంతులో, చివరి ఏడాది వాళ్లయితే పై ఐదో వంతులో ఉండాలి. అన్ని సబ్జెక్టుల వాళ్లనీ తీసుకునే ఫై కప్పా ఫై 1897లో మెయిన్ అనే రాష్ట్రంలో మొదలైంది, పీజీ వాళ్లలో పై 10 శాతానికే పిలుపు. చూశారా, వీటన్నిటికీ ఒక లెక్క ఉంది, ఎంతమందిలో ఎన్నో వంతు అని ముఖాన చెప్పేస్తాయి. మీవాడి మెయిల్‌లో ఆ లెక్క ఉందేమో వెతకమనండి. ‘అసాధారణ ప్రతిభ’, ‘నాయకత్వ లక్షణాలు’ లాంటి మాటలే ఉండి అంకె ఒక్కటీ లేకపోతే విషయం అర్థమైపోతుంది.

ఫీజు అడిగారు కాబట్టి మోసమే అని తేల్చేవాళ్లు కొందరుంటారు, అదీ సరికాదు. నిజమైనవీ ఫీజు తీసుకుంటాయి, చేరేటప్పుడు ఒకసారి కట్టించుకునేవి ఉన్నాయి, ఏటా చందా అడిగేవీ ఉన్నాయి. తేడా ఎక్కడంటే, అక్కడ ఎంపిక ముందు జరుగుతుంది, డబ్బు తర్వాత. మీవాడికి వచ్చినదాంట్లో డబ్బే ఎంపిక. సభ్యత్వంలోనే రెండు రేట్లు పెట్టి గంటలు లెక్కపెట్టే గడియారం ఒకటి తగిలించారంటే, అది మన గేట్ బజార్‌లో ‘నేడే ఆఖరు రోజు’ అని ఏడాది పొడుగునా మైకు పెట్టే సేల్ లాంటిదే.

ఇలాంటి సంస్థలు కొన్ని ‘మేం నాన్‌ప్రాఫిట్’, అంటే లాభాపేక్ష లేనివాళ్లం అని చెప్పుకుంటాయి, అదీ మార్కుల ముద్రేం కాదు. అమెరికాలో అది పన్నుకి సంబంధించిన హోదా. నిజంగానే ఆ హోదా ఉంటే అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు, ఫారం 990 అనే వార్షిక లెక్క కూడా చాలావాటికి దొరుకుతుంది, అందులో ఆదాయమెంత, పెద్దల జీతాలెంత, స్కాలర్‌షిప్పులకి పెట్టిందెంత అన్నీ కనిపిస్తాయి. ఓపిక ఉంటే చూడమనండి, భలే కాలక్షేపం. ఇంకొకరు ‘మేం అక్రెడిటెడ్’, అంటే గుర్తింపు పొందినవాళ్లం అంటారు. అక్కడ అక్రెడిటేషన్ కాలేజీలకీ కోర్సులకీ ఇచ్చేది. ఆనర్ సొసైటీలకి 1925లో పెట్టుకున్న అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్ అనే సంఘం ఉంది, దానికి కనీస ప్రమాణాలున్నాయి. ఆ ప్రమాణాలకి విలువ ఉందనడానికి ఒక గుర్తు చెబుతాను. అమెరికా కేంద్ర ప్రభుత్వం డిగ్రీ అయినవాళ్లని జీఎస్-7 అనే మెట్టులో తీసుకునేటప్పుడు, ఈ ప్రమాణాలు అందుకున్న సొసైటీలో సభ్యత్వాన్ని చదువులో ప్రతిభకి ఒక రుజువుగా ఒప్పుకుంటుంది. అయితే ఆ ఉద్యోగాలు ఎక్కువగా ఆ దేశ పౌరులకే, స్టూడెంట్ వీసా మీదున్న మీవాడికి ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

ఇక హెచ్-1బి. దానికి కావలసింది ఉద్యోగమిచ్చే కంపెనీ, ఆ ఉద్యోగానికి తగ్గ డిగ్రీ, లాటరీలో పేరు తగలడం. ఆనర్ సొసైటీ అన్న గడే ఆ ఫారంలో లేదు. ఈబీ-1 అనే గ్రీన్‌కార్డు దారిలో సంఘాల సభ్యత్వం ఒక రుజువన్న మాట నిజమే, కానీ అక్కడ అడిగేది ఆ రంగంలో పేరున్న నిపుణులు గొప్ప పనులు చూసి ఇచ్చిన సభ్యత్వం. డాలర్లు కట్టి తెచ్చుకున్న కార్డు చూపిస్తే ఆఫీసరు ముందు మిగతా కాగితాల పరువు కూడా పోతుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆ మెయిల్‌లోని లింకు ముట్టుకోవద్దనండి. విచారణ కాలేజీ వైపు నుంచి మొదలుపెట్టాలి. యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో విద్యార్థి సంఘాల జాబితాలో ఈ సొసైటీ పేరు ఉందా? ఉంటే దానికి ఫ్యాకల్టీ అడ్వైజర్ ఎవరు? ఆ ప్రొఫెసర్‌కి రెండు వాక్యాల మెయిల్ పెడితే చాలు: మన క్యాంపస్‌లో చాప్టర్ ఉందా, నన్ను పిలిచింది మీరేనా అని. వాళ్లు అవునంటే, వీడికి మనసుంటే, నిక్షేపంగా కట్టమనండి. జాబితాలో పేరే లేకపోతే 95 డాలర్లు మిగిలినట్టే, మన డబ్బుల్లో వేలే కదమ్మా. ఇంకో మాట, ఇవన్నీ చట్టప్రకారం దొంగ సంస్థలు కాకపోవచ్చు. చాలావరకు సర్టిఫికెట్ పంపుతాయి, పతకం పంపుతాయి, డిస్కౌంటు కూపన్లూ ఇస్తాయి. అమ్మినదాన్ని ఇచ్చేస్తాయి కాబట్టి వాటిని పట్టుకోవడమూ కష్టమే. మీ వారికి మాత్రం డిసెంబరులో గ్రేడ్లు వచ్చాక ఫ్లెక్సీ గురించి మళ్లీ ఆలోచిద్దామని చెప్పండి.

ప్రశ్న: సార్, నేను పర్లాకిమిడిలో డిగ్రీ రెండో ఏడాది. ఇన్‌స్టాలో ఒక ‘అంతర్జాతీయ’ ఆనర్ కౌన్సిల్ వాళ్లు నన్ను ఎంపిక చేశామని మెసేజ్ పెట్టారు. 1,499 రూపాయలట. ప్రభుత్వ రిజిస్ట్రేషన్, ఐఎస్‌ఓ, ఎంఎస్‌ఎంఈ నంబర్లు అన్నీ చూపించారు. ఫ్రెండ్స్ ముగ్గురు కట్టేశారు, నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: తల్లీ, ఆ నంబర్లు నిజమైనవే అయ్యుండొచ్చు, అక్కడే తిరకాసు. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి సంతకాలు పెడితే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. నువ్వూ నీ ఫ్రెండ్స్ ముగ్గురూ ఇంకో ముగ్గుర్ని వెతుక్కుంటే మీరూ పెట్టుకోవచ్చు! ఎంఎస్‌ఎంఈ వాళ్ల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, మన వివరాలు మనమే రాసుకునేది, నిజానికి అది చిన్న వ్యాపారం అని చెప్పే కాగితం. ప్రమాణాలు రాసే ఐఎస్‌ఓ సంస్థ తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, బయటి ఏజెన్సీలు ఇస్తాయి, అందులోనూ ఐఎస్‌ఓ 9001 చెప్పేది ఆఫీసు పని ఒక పద్ధతిలో నడుస్తోందని మాత్రమే. వీటిలో ఏ ఒక్కటీ నీ చదువుని తూచదు. మన దగ్గర డిగ్రీ ఇచ్చే హక్కు యూజీసీ చట్టం ప్రకారం యూనివర్సిటీలకీ, పార్లమెంటు చట్టంతో ప్రత్యేకంగా ఆ హక్కు పొందిన సంస్థలకీ మాత్రమే ఉంది. ఈ కౌన్సిల్ డిగ్రీ ఇవ్వట్లేదు కాబట్టి ఆ చట్టానికీ దొరకదు, వాళ్ల ధైర్యం అదే.

వాళ్లని ఒక్క ప్రశ్న అడుగు: ‘నా మార్కులు మీకు ఎవరు చెప్పారు?’ జవాబుకి బదులు క్యూఆర్ కోడ్ వస్తే బ్లాక్ చేసేయ్. కట్టిన ముగ్గురికీ ఆధార్ ఫొటో పంపారేమో కనుక్కో, డబ్బు పోయిందనిపిస్తే 1930కి ఫోన్ చేయమను, సైబర్ ఫిర్యాదుల నంబరు అది, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం. రెజ్యుమేకి ఏదైనా కావాలంటే మీ డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో ఒక పేపర్ చదువు. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే పది నిమిషాలు మాట్లాడగలవు.

ప్రశ్న: అమెరికాలో ఉన్నప్పుడు ఇలాంటి ఒక సొసైటీలో చేరాను. రెజ్యుమేలోంచి తీసేయాలా? – రాయగడ

జవాబు: పేరు పక్కన ‘క్లాసులో పై ఇంత శాతం’ అని నిజాయితీగా రాయగలిగితే ఉంచండి, లేకపోతే తీసేయండి. దానికంటే ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ తెరవండి. ఏటా దానంతటదే రెన్యువల్ అయ్యే షరతు అప్పట్లో చదవకుండా టిక్ పెట్టారేమో చూసి, ఉంటే ఈ రోజే రద్దు చేయించండి.