సమాధానం: రైబోన్యూక్లియేజ్ పాడవలేదు, ముడులు తప్పాయి

విప్పి మళ్లీ మడతపడనిచ్చాక, అమైనో ఆమ్లాల వరుస అదే అయినా మీ రైబోన్యూక్లియేజ్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్) ఆర్‌ఎన్‌ఏను ఎందుకు కోయడం లేదని అడిగారు. వరుస ఒక్కటే చాలదండీ, మడత కూడా కుదరాలి. ఈ గొలుసులో 124 అమైనో ఆమ్లాలున్నాయి. కోతకు కీలకమైన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు 12వ, 119వ స్థానాల్లో ఉన్నాయి. గొలుసును తిన్నగా చాపితే ఒకటి ఈ కొసన, మరొకటి ఆ కొసన. సరిగా మడతపడినప్పుడే రెండూ ఒకే గాడిలోకి చేరతాయి.

మీరు మడతను విప్పే యూరియాను ఉంచి, గొలుసులోని ముడులను విప్పే మెర్కాప్టోఇథనాల్‌ను ముందుగా తీసేశారు, చిక్కంతా అక్కడే. ఆ ముడులు వేసేవి సిస్టీన్ అనే గంధకమున్న అమైనో ఆమ్లాలు. 8 సిస్టీన్లు 4 జతలు కట్టడానికి 105 దారులున్నాయి, సరైనది ఒక్కటే. యూరియాలో ఆకారం కోల్పోయిన గొలుసు, చీకట్లో చొక్కా గుండీలు పెట్టుకున్నట్టు, ఏది అందితే దానితో ముడివేసుకుంది.

పారబోయకండి. డయాలసిస్‌తో (చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొర ద్వారా) యూరియాను పూర్తిగా తీసేసి, పీహెచ్ 8 దగ్గర అతి కొద్దిగా మెర్కాప్టోఇథనాల్ కలిపి రాత్రంతా వదిలేయండి. తప్పు ముడులు విడిపోయి సరైనవి పడతాయి. 1972లో రసాయన నోబెల్ పంచుకున్న ఆన్‌ఫిన్సెన్ చూపించింది ఇదే. ఉడికిన గుడ్డు తెల్లసొన మీద మాత్రం ఈ కిటుకు ప్రయత్నించకండి!