బైండ్ దగ్గర ఆగినవాణ్ణి ఏఐ కోర్సుకు పంపాలా?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. మా గుంటడు బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడు. సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లలో ‘బైండ్’ అర్థంకాక నెలయింది, దిగాలుగా ఉన్నాడు. ఇప్పుడదెవరికి కావాలంటున్నాడు మా బావమరిది. అప్పు చేసైనా అమీర్‌పేటలో మూడు నెలల ఏఐ కోర్సులో వేయమంటారా, ఇదే చదవనిమ్మంటారా?

జవాబు: కోర్సు పేరు మారుతుందిగానీ ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. చదివించిన డబ్బుకు ఉద్యోగం రాదేమోనన్నదే మీ బెంగ. అర్థం కాలేదని ఇంట్లో ఒప్పుకున్నాడు చూడండి, వాడికేం భయం లేదు. చాలామంది బట్టీపట్టి దాటేస్తారు.

వాడు ఆగిన చోటు మీకు తెలిసిందే. పప్పును 180, 210, 240, 320 అని గ్రేడు కడతారు కదా, పౌనుకు ఎన్ని తూగుతాయన్న లెక్కతో. వాటిలో 240కి మించనివి ఎన్నో ప్రోగ్రాంతో లెక్కపెట్టించాలనుకోండి. ‘మొదటి అంకె రెండోదాన్ని మించలేదు కదా’ అని చూసే ఫంక్షన్ ఆబ్జెక్ట్, అంటే ఫంక్షన్‌లా పిలవగలిగే వస్తువు, లెస్ ఈక్వల్. దానికి రెండు అంకెలు కావాలి. షరతుకు సరిపోయేవి ఎన్నో లెక్కపెట్టే కౌంట్ ఇఫ్ దానికి ఒక్కోసారి అందించేది ఒక్కటే. అందుకని రెండో చోట 240 బిగించేసి, మొదటి చోటును అండర్‌స్కోర్ వన్ గుర్తుతో ఖాళీగా వదులుతాం. ఇక అది ఒక్క అంకే అడుగుతుంది. బైండ్ చేసే పని అదే. తికమకంతా ఇక్కడుంటుంది: బైండ్ విలువను కాపీ చేసుకుంటుంది, తర్వాత బయట వేరియబుల్ మార్చినా లోపలిది మారదు. మారాలంటే రెఫ్‌తో, అంటే కాపీ కాకుండా అసలు వేరియబుల్‌నే చూపించేలా ఇవ్వాలి. పాత పుస్తకాల్లోని బైండ్ ఫస్ట్, బైండ్ సెకండ్ జోలికి పోవద్దనండి, 2017 ప్రమాణంలో వాటిని తీసేశారు. ఇప్పుడు ఈ పని ఎక్కువగా లాంబ్డాతోనే, అంటే అక్కడికక్కడే రాసుకునే పేరులేని ఫంక్షన్‌తోనే చేస్తారు. ముందు అది నేర్చుకోమనండి.

ఇక ఏఐ. నా అనుమానం ఏఐ మీద కాదు, ఆ మూడు నెలల మీద. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ రానివాడికి లైబ్రరీ వాడటం చూపించి సర్టిఫికెట్ చేతిలో పెడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే నోరు పెగలదు. అలా తిరిగొచ్చిన పిల్లల్ని నా ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడాను. పైగా ఏఐ కోర్సుల్లో వాడే పైథాన్ భాషలోనూ ఫంక్‌టూల్స్ అనే లైబ్రరీలో పార్షియల్ పేరుతో ఇదే బిగింపు ఉంది. ఏఐ లైబ్రరీలైన పైటార్చ్, టెన్సర్‌ఫ్లో లోపల బరువు మోసేది చాలావరకు సీ ప్లస్ ప్లస్సే. ఇక్కడ తప్పించుకుని అక్కడికి పోతే ఎదురొచ్చేది ఇదే.

కోపం వచ్చినా ఒక మాట. బావమరిది అభిప్రాయం రాశారు, అప్పు సంగతి రాశారు, వాడికేం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఉడకని పిక్క కొడితే చేతికి జీడి అంటుతుందని మీకు నేను చెప్పాలా? వాడికి టైమివ్వండి. ఏఐ కావాలని వాడే అంటే ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, ఒక సెమిస్టర్ చదువు పక్కనే చూసుకోమనండి. అప్పటిదాకా అప్పు మాట ఎత్తకండి.