వరుస ఒకటే అయినంత మాత్రాన ప్రొటీన్ ఒకటి కాదు

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఒక మానవ ప్రొటీన్‌ను మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల మీద వేసి చూడాలి. ఈ.కోలై బ్యాక్టీరియాలో మానవ జన్యువు పెట్టి చేసిన (రీకాంబినెంట్) ప్రొటీన్ చవక, మానవ కణాల్లో చేసింది బాగా ఖరీదు. అమైనో ఆమ్లాల వరుస రెండింటికీ ఒకటే. చవకది తీసుకోవచ్చా? సీనియర్ తెప్పించిన ప్రొటీన్ వయల్ (చిన్న సీసా) చూస్తే ఖాళీగా ఉంది, అదేమిటి?

జవాబు: మీ పనికైతే చవకది వద్దంటాను. ప్రొటీన్లు శుద్ధి చేయడమే నా వృత్తి. అందుకే వరుస కన్నా ముందు, ఏ కణంలో తయారైందని అడుగుతాను.

మానవ జన్యువును ఏ కణంలో పెడితే ఆ కణం తనకు చేతనైనట్టే ప్రొటీన్ చేస్తుంది. ప్రయోగశాలల్లో వాడే ఈ.కోలైకి ప్రొటీన్ మీద చక్కెర గొలుసులు తగిలించడం రాదు. ఇన్సులిన్‌కు అవి అక్కర్లేదు కాబట్టే 1978లో ఈ.కోలైతో చేయించగలిగారు, 1982లో అది మందుగా అనుమతి పొందింది. ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయెటిన్ సంగతి వేరు. దాని బరువులో దాదాపు 40 శాతం చక్కెరలే, అందుకే దాన్ని హామ్‌స్టర్ అండాశయ కణాల్లో చేస్తారు. మీ ప్రొటీన్ ఏ కోవలోదో ముందు చూసుకోండి.

అయితే మీ విషయంలో నా అసలు భయం ఎండోటాక్సిన్. ఈ.కోలై పైపొరలో ఉండే ఆ పదార్థం ప్రొటీన్‌కు అంటుకుని వచ్చేస్తుంది. మాక్రోఫేజ్‌లు దాని జాడ తగిలితే చాలు, రెచ్చిపోయి టీఎన్‌ఎఫ్ అనే వాపు సంకేతాన్ని విడుదల చేస్తాయి. మానవ హెచ్‌ఎస్‌పీ70 ప్రొటీన్ మాక్రోఫేజ్‌లను రేపుతుందని ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. 2003లో గావో, సాన్ అనే పరిశోధకులు ఎండోటాక్సిన్ బాగా తగ్గించిన ప్రొటీన్‌తో చూస్తే ఆ ప్రభావం కనబడలేదు. అంతమంది శ్రమ అలా పక్కదారి పట్టిందంటే నాకు ఇప్పటికీ బాధే.

‘95 శాతం శుద్ధం’ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ అంకె సాధారణంగా ప్రొటీన్‌ను జెల్ మీద నడిపి, రంగు వేసి చూసి చెప్పేది. ఆ రంగు ప్రొటీన్లనే చూపిస్తుంది, ఎండోటాక్సిన్‌ను చూపించదు. లేబుల్ మీద మైక్రోగ్రాముకు 1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) కన్నా తక్కువ అని ఉందనుకోండి. 1 ఈయూ అంటే సుమారు 100 పికోగ్రాముల ఎండోటాక్సిన్. మిల్లీలీటరుకు మైక్రోగ్రాము ప్రొటీన్ వేస్తే అంతవరకూ ఎండోటాక్సిన్ చేరవచ్చు, మాక్రోఫేజ్‌లుగా మారే మానవ రక్తకణాలైన మోనోసైట్లను రేపడానికి అది చాలు!

ఖరీదైనది కొన్నా కంట్రోళ్లు (పోల్చి చూసే ప్రయోగాలు) మానొద్దు. కొంత ప్రొటీన్‌ను మరిగించి వేయండి. వేడికి చాలా ప్రొటీన్లు పాడవుతాయి, ఎండోటాక్సిన్ తట్టుకుంటుంది. మరిగించాక కూడా కణాలు అలాగే స్పందిస్తే ఎండోటాక్సిన్‌ను అనుమానించాల్సిందే. పాలీమిక్సిన్-బీ అనే యాంటీబయాటిక్‌తో మరోసారి సరిచూడండి, అది ఎండోటాక్సిన్‌ను పట్టేస్తుంది.

ఇక ఆ వయల్ ఖాళీది కాదు. పది మైక్రోగ్రాముల ఎండు పొడి కంటికి ఆనదు. మూత తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పండి. చెప్పిన బఫర్‌లోనే కరిగించండి, వోర్టెక్స్ (గట్టిగా కుదిపే యంత్రం) మీద పెట్టొద్దు. చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80 డిగ్రీల్లో దాచండి, కరిగించినది మళ్లీ గడ్డకట్టించొద్దు. ప్రయోగం మొత్తానికి సరిపడా ఒకే లాట్ (ఒకేసారి తయారైన సరుకు) తెప్పించుకుని, ఆ లాట్‌కు చెందిన ఎండోటాక్సిన్ నివేదిక కంపెనీని అడిగి తీసుకోండి.