ప్లేలిస్టు తీసేయ్, ఒక్క పాట ఉంచుకో

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

క్రిస్మస్ పాటలు పెట్టుకున్నా మనసు కుదుటపడట్లేదని, పైగా విసుగొస్తోందని నువ్వు అన్నావట. మీ అమ్మ చెప్పింది. విసుగు రాక ఏం చేస్తుంది? మాల్‌లో అవే పాటలు, ఆఫీసు లిఫ్టులో అవే, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో క్యాబ్‌లో అవే. రూముకొచ్చాక ఫోన్‌లో మళ్ళీ వంద పాటల ప్లేలిస్టు. చెవిన పడటం వేరు, వినటం వేరు.

ఈ వారం ఆ ప్లేలిస్టు తీసేసి ఒక్క పాట ఉంచుకో. నన్నడిగితే ‘సైలెంట్ నైట్’, మన పాటల పుస్తకంలో ‘శుద్ధరాత్రి’ అని ఉన్నదే. అందరికీ వచ్చిన పాటే కదా అని తేలిగ్గా తీసుకోకు. జోసెఫ్ మోర్ అనే కుర్ర పాదిరి 1816లో రాశాడు దాన్ని. నెపోలియన్ యుద్ధాలు ముగిసి ఎంతో కాలం కాలేదు. ఆ ఏడాది యూరప్‌లో ఎండాకాలమే సరిగా రాక పంటలు పోయి జనం తిండికి అల్లాడారు. అలాంటి రోజుల్లో పుట్టింది ఈ ప్రశాంతమైన పాట. 1818 డిసెంబర్ 24న మోర్ ఆ పద్యాన్ని బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్‌కిచ్చి, రెండు గొంతులకూ గిటార్‌కూ బాణీ కట్టమన్నాడు. ఆ రాత్రే ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో ఇద్దరూ కలిసి పాడారు. పెద్ద కోయిర్‌తో, బ్యాండ్‌తో హోరెత్తించే రికార్డింగులు చాలా ఉన్నాయి, అవి వద్దు. ఒక గిటారో పియానోనో, ఒకటి రెండు గొంతులూ మాత్రమే ఉన్నది వెతుక్కో.

రాత్రి భోజనమయ్యాక లైటు తీసేసి, ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి, చిన్న స్పీకర్‌లో విను. పక్క గదిలో ఫ్యాను శబ్దం వినబడేంత తక్కువ సౌండు చాలు. మొదటిసారి మాటలు పట్టించుకోకు, నడక చూడు. ఊయల ఊపినట్టే ఉంటుంది, ఎందుకంటే అది లాలిపాట కొలతే. రెండోసారి కింది గొంతు ఏం చేస్తోందో గమనించు. మూడోసారి పెదాలు మూసుకుని నువ్వూ కూనిరాగం తియ్యి, ఒక్కో వరసకు ఒక్కో ఊపిరి. అసలు కీలకం ఇక్కడుంది. పాడేటప్పుడు ఊపిరి పీల్చటం చిన్నది, వదలటం పొడుగు. వదలటం నెమ్మదించేకొద్దీ గుండె వేగం కూడా తగ్గుతుంది. మధ్యలో ఆఫీసు మెయిలు గుర్తొస్తుంది, రానీ. దానితో కొట్లాడకుండా తర్వాతి వరస అందుకో.

ఇది కుదిరాక మన పాటల పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరువు. ఎక్కువ పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి చూడు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు మన రాగాల్లోనే రాశారు. వాటిని ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాయిద్యాలు) పెట్టుకుని పాడొద్దు. కీబోర్డు రిథమ్ వెనకాల దడదడలాడుతుంటే రాగం ఎక్కడ నిలబడుతుంది? యూత్ వాళ్ళ క్యారల్ రౌండ్స్‌కి ఆ ట్రాకులు బాగుంటాయి, అర్ధరాత్రి వీధంతా లేపాలి కదా! నీ పనికి శ్రుతి పెట్టె చాలు.

మాటల్లేని సంగీతం కావాలంటే, హాండెల్ అనే సంగీతకర్త క్రీస్తు మీద కట్టిన పెద్ద గాన రచన ‘మెస్సయ్య’లో ‘పీఫా’ అనే చిన్న ముక్క ఉంది, గొర్రెల కాపరుల దగ్గరికి దూత వచ్చే ముందు వాయిస్తారు. జనమంతా అందులోనే ఉన్న ‘హల్లెలూయా’ బృందగానం కోసం దాన్ని దాటేస్తారు. నాకైతే డిసెంబర్‌లో పీఫానే ముందు.

గదిలో కుదరకపోతే ఓ మామూలు రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి నాంపల్లిలో దిగు. అక్కణ్నించి ఆటోలో గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌కి వెళ్ళి కాసేపు వెనక బెంచీలో కూర్చో. పాట అక్కర్లేదు, అప్పటికి అది నీలోనే నడుస్తుంటుంది. 24 రాత్రి మాత్రం దీనికోసం వెళ్ళకు, జనాన్ని తోసుకుంటూ నిలబడటమే సరిపోతుంది.

ఇరవై ఐదు తెల్లారి కేకు తిన్నాక పాటలు కట్టేయకు కూడా. క్రిస్మస్ కాలం జనవరి 6 దాకా, అంటే జ్ఞానుల పండగ దాకా ఉంటుంది. మాల్స్‌లో హోరు ఆగిపోయి, న్యూ ఇయర్ సందడీ తగ్గాక వినటానికి అసలైన రోజులు అవే.

ఈ శనివారం సాయంత్రం సికింద్రాబాద్ రా, మా కోయిర్ ప్రాక్టీసు ఉంది. ఆల్టోలో, అంటే ఆడవాళ్ళ కింది స్థాయి వరసలో, గొంతులు తక్కువయ్యాయి. నొటేషన్ రాకపోయినా పర్వాలేదు, నా పక్కన నిలబడి నా గొంతు పట్టుకో. నీళ్ళ సీసా తెచ్చుకో, ఏసీ గదిలో కూర్చునే నీకు గొంతు త్వరగా ఆరిపోతుంది.

మీ పెద్దమ్మ